అడ్వాన్సు వెనక్కి ఇచ్చేశారు, టులెట్ బోర్డు మళ్లీ కట్టారు

పలకబలపం | శుక్రవారం, రాత్రి 9:42

ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరుని. జూన్‌లో బదిలీ మీద ఒక జిల్లా కేంద్రానికి వచ్చాను. మా ఆయన ఉద్యోగం వేరే ఊళ్లో. పాపను తీసుకుని బడికి దగ్గరగా ఉందామని మూడు వారాలుగా ఇల్లు వెతుకుతున్నాను.

పోయిన ఆదివారం ఒకటి కుదిరింది. రెండు గదులు, వంటిల్లు, పెరట్లో జామచెట్టు. అద్దె 8,500. బ్రోకరు ముందే అడ్వాన్సు పది వేలు ఇచ్చాను. ఇంటావిడ కాఫీ ఇచ్చింది, స్టీలు గ్లాసులో. "పాలు పొంగించుకోవడానికి గురువారం బాగుందమ్మా" అని తనే క్యాలెండర్ చూసి చెప్పింది.

మాటల మధ్యలో ఇంటాయన ఒక్కొక్కటే అడుగుతూ వచ్చారు. ఇంటి పేరు, సొంత ఊరు, ఆ ఊళ్లో ఏ వైపు, మాంసం తింటారా, ఆదివారాలు ఎక్కడికి వెళతారు. ఏదీ తేలలేదు కాబోలు, మేం లేవబోతుంటే "ఇంతకీ మీరేమిటివాళ్లమ్మా?" అన్నారు. "మాదిగలమండీ" అన్నాను. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. "అలాగా, మంచిది" అన్నారు. గేటు దాకా వచ్చి సాగనంపారు కూడా.

మర్నాడు మధ్యాహ్నం బ్రోకరు బడి దగ్గరికి వచ్చి కవరు చేతిలో పెట్టాడు. "వాళ్ల అమ్మాయి వస్తోందట మేడమ్, ఇల్లు వాళ్లకే కావాలట" అన్నాడు. లోపల అవే నోట్లు. నేను ఇచ్చిన వరుస కూడా మారలేదు. టేపు అంటించిన అయిదు వందల నోటు పైన పెట్టి ఇచ్చాను, పైనే ఉంది. అంటే ఆ డబ్బును ఎవరూ లెక్కపెట్టనైనా లేదు. సాయంత్రం అటు నడిచి వెళ్లాను. టులెట్ బోర్డు గేటుకు మళ్లీ కట్టి ఉంది, కొత్త తాడుతో.

ఆ కాఫీ గ్లాసు ఏం చేశారో అన్న ఆలోచన నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదు.

రెండు విషయాలు అడగాలని ఇక్కడికి వచ్చాను. దీనికి చట్టంలో దారి ఉందా? ఇక రెండోది: తర్వాతి ఇంటి దగ్గర నేను నిజం చెప్పాలా, దాచాలా? "ఓసీ అని చెప్పెయ్యి, సర్టిఫికెట్ అడుగుతారా ఏమిటి" అంటోంది నా తోటి టీచరు. ఆమె నా మంచి కోరే అంటోంది.

గోదారిగట్టు | శుక్రవారం, రాత్రి 10:15

దాచమ్మా. పిల్ల ఉంది, బడి మొదలైంది, తల మీద కప్పు ముఖ్యం. మేం హైదరాబాద్‌లో పదకొండేళ్లు దాచి బతికాం.

కానీ ఎలా బతికామో కూడా చెబుతాను, తెలిసే నిర్ణయం తీసుకోండి. శ్రావణ మాసంలో పక్క వాటావాళ్లు వాయనం ఇస్తే, మళ్లీ వాళ్లకు ఏం ఇవ్వాలో తెలియక నేను జ్వరం అని పడుకునేదాన్ని. మా అమ్మ ఊరి నుంచి వస్తే "ఎవరితోనూ మాట్లాడకు" అని చెప్పి గదిలో కూర్చోబెట్టేదాన్ని. అంబేద్కర్ పటం బీరువా తలుపుకు లోపలి వైపు అంటించాం. చీర తీసుకోవడానికి తలుపు తెరిచినప్పుడు మాత్రం ఆయన కనిపించేవారు. స్కాలర్‌షిప్ కాగితాలు ఇంటికి రాకుండా మా వారి ఆఫీసు చిరునామా ఇచ్చేవాళ్లం. మా అబ్బాయికి ఆరేళ్లప్పుడు, "మన కులం పేరు చెడ్డమాటా అమ్మా?" అని అడిగాడు. ఏం చెప్పానో ఇప్పుడు గుర్తు లేదు. వాడికి గుర్తుందేమో అడగడానికి నాకు ధైర్యం లేదు.

అయినా దాచమనే చెబుతున్నాను. ఇల్లు లేకపోతే ఏ పోరాటమూ చేయలేం.

నీలిజెండా | శుక్రవారం, రాత్రి 11:03

అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ దాచమన్న సలహాకు నేను ఒప్పుకోలేను.

1917లో అంబేద్కర్ అమెరికాలోనూ లండన్‌లోనూ చదువుకుని బరోడా సంస్థానంలో కొలువుకు వచ్చారు. ఊళ్లో ఆయనకు ఎవరూ చోటివ్వరు. పార్శీల సత్రం ఒకటి ఉంటే, రిజిస్టరులో పార్శీ పేరు రాసుకుని, రోజుకు రూపాయిన్నర ఇచ్చి పై అంతస్తులో ఒక్కరే ఉన్నారు. పదకొండో రోజు పొద్దున ఆఫీసుకు బయలుదేరుతుంటే డజను మంది పార్శీలు కర్రలు పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. సాయంత్రంలోగా ఖాళీ చేయకపోతే ఊరుకోమన్నారు. ఒక హిందూ స్నేహితుడిని అడిగితే, నువ్వు వస్తే నౌకర్లు వెళ్లిపోతారని చెప్పాడు. క్రైస్తవ స్నేహితుడు, ఇంట్లో భార్య లేదు, ఆమెను అడగాలన్నాడు. ఆయన బొంబాయి రైలు వేళ దాకా పార్కులో కూర్చున్నారు.

పేరు మార్చుకుంటే ఆయనకే పదకొండు రోజులు దక్కాయి. ఆ పదకొండు రోజులూ భయంతోనే గడిచాయి. టీచరు గారి ఇంటాయన కర్రతో రాలేదు, కవరు పంపాడు. వందేళ్లలో వచ్చిన తేడా ఇదే.

ఇంకో మాట. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్ర విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేములను, మరో నలుగురిని హాస్టల్ నుంచి వెళ్లగొడితే, వాళ్లు పరుపులు, పుస్తకాలు, అంబేద్కర్ పటం బయటికి తెచ్చుకుని గుడారం వేసుకున్నారు. దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. దాచుకోలేదు. పేరు పెట్టి మరీ అందరికీ చూపించారు.

మూడోఅంతస్తు | శనివారం, ఉదయం 7:20

నేను ఇంటి యజమానిని. మూడు వాటాలు అద్దెకు ఇస్తాను. దళితుణ్ని కాదు. ఇక్కడ రాయాలా వద్దా అని ఆలోచించాను. రాయకపోతే మీకు అవతలి పక్షం మాట తెలియదు.

నేనూ అడుగుతాను. మా అమ్మకు ఎనభై రెండేళ్లు, కింద వాటాలో ఆమెతో పాటే ఉంటాం. పంపు దగ్గర, డాబా మీద అందరూ కలిసే మసలాలి. ఆమె అలవాట్లు నేను మార్చలేను. చాలాసార్లు ఇది మాంసం వంట విషయమే గానీ కులం విషయం కాదు. సొంత ఇంట్లో ఎవరిని ఉంచుకోవాలో తేల్చుకునే హక్కు యజమానికి ఉండదా? టీచరు గారికి జరిగినది తప్పే, మాటిచ్చి తప్పకూడదు. కానీ అడగడమే నేరం అంటే ఒప్పుకోవడం నాకు కష్టంగా ఉంది.

గోదారిగట్టు | శనివారం, ఉదయం 7:58

మాంసం విషయం అన్నారు కాబట్టి అడుగుతున్నాను. మీ మూడు వాటాల్లో ఇప్పుడున్నవాళ్లు ఎవరూ మాంసం తినరా? మేం దాచి ఉన్న ఇంట్లో మా ఎదురు వాటావాళ్లు ప్రతి ఆదివారం నాటుకోడి వండేవారు. వాసన వీధి మొదటికి వచ్చేది. ఇంటాయన వాళ్లింట్లోనే భోజనం చేసేవాడు.

నిర్వాహకుడు | శనివారం, ఉదయం 8:30

ఒక వ్యాఖ్య తీసేశాను. కులం పేరును తిట్టుగా వాడినవారికి ఇక్కడ రెండో అవకాశం ఉండదు. 'మూడోఅంతస్తు' గారితో విభేదించండి, కానీ ఆయనను మాట్లాడనివ్వండి.

నల్లకోటు | శనివారం, ఉదయం 10:47

టీచరు గారూ, చట్టం గురించి అడిగారు. ఇరవై ఏళ్లుగా జిల్లా కోర్టులో ఈ కేసులు చూస్తున్నాను. కొంచెం వివరంగా రాస్తాను.

అందరికీ గుర్తొచ్చేది 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం, జనం మాటల్లో అట్రాసిటీ చట్టం. మీ విషయంలో అది నిలబడడం కష్టం. అవమానం నలుగురి కళ్ల ముందు జరగాలని అందులో ఉంది. మీకు గౌరవంగా కాఫీ ఇచ్చి గేటు దాకా సాగనంపారు. 2015 సవరణలో సాంఘిక బహిష్కరణను చేర్చారు గానీ, ఒక ఇంటి నిరాకరణను దాని కిందికి తేవడానికి చాలా వాదించాలి.

మీకు పనికొచ్చేది అంతకంటే పాతది, 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం. మొదట దాని పేరు అస్పృశ్యత నేరాల చట్టం, 1976లో సవరించి పేరు మార్చారు. అందులో 4వ సెక్షన్ చదవండి. హోటళ్లు, బావులు, స్నానఘట్టాలు, ఊరేగింపులతో పాటు ఒక చిన్న వాక్యం ఉంది: ఏ ప్రాంతంలోనైనా సరే, నివాసగృహం కట్టుకోవడం, సంపాదించుకోవడం, అందులో నివసించడం. అంటరానితనం కారణంగా వీటికి అడ్డుపడితే నేరం. శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, వంద నుంచి అయిదు వందల జరిమానా. జరిమానా చూసి నిరుత్సాహపడకండి, జైలు శిక్ష కూడా తప్పనిసరి.

అంతకంటే ముఖ్యమైనది 12వ సెక్షన్. బాధితులు ఎస్సీలైతే, ఆ పని అంటరానితనం కారణంగానే చేశారని కోర్టు ముందుగా భావించాలి. కాదని రుజువు చేసుకోవలసింది నిందితుడే. ఇది మామూలు క్రిమినల్ కేసుల్లో ఉండని వెసులుబాటు. అది పోలీసులు నేరుగా నమోదు చేయదగిన నేరం కూడా.

అయినా ఈ చట్టం కింద కేసులు చాలా తక్కువ. నెలనెలా ఊళ్లలో పౌరహక్కుల దినం జరుపుతారు. తహసీల్దారు, ఎస్సై వచ్చి గుడి గురించి, హోటలు గ్లాసుల గురించి చెబుతారు. అద్దె ఇంటి గురించి ఒక్క అధికారి నోట కూడా నేను వినలేదు. తెలియక కొందరు, తెలిసీ కొందరు.

'మూడోఅంతస్తు' గారూ, నచ్చనివారికి ఇల్లు ఇవ్వకుండా ఉండే స్వేచ్ఛ మీకుంది. ఎస్సీ అన్న కారణంతో ఇవ్వకుండా ఉండే స్వేచ్ఛ మాత్రం లేదు.

టీచరు గారు ఇప్పుడు చేయవలసినవి. బోర్డు ఫోటో తీయండి, తేదీ పడేలా. బ్రోకరు నంబరు, కవరు, అతను పంపిన సందేశాలు జాగ్రత్త చేయండి. వేరే కులం వాళ్లెవరినైనా ఆ బోర్డు మీది నంబరుకు ఫోన్ చేసి "ఇల్లు ఖాళీ ఉందా" అని అడగమనండి. కూతురు వస్తోందన్న మాట నిజమో కాదో అప్పుడే తేలిపోతుంది. ఫిర్యాదు రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి. తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

పాతసైకిలు | శనివారం, మధ్యాహ్నం 2:05

పెద్దవాణ్ని, టైపు చేయడం నిదానం. మా మనవరాలు సాయం చేస్తోంది.

1985 జూలై 17న కారంచేడులో మాదిగల మీద దాడి జరిగి ఆరుగురు చనిపోయినప్పుడు నేను చీరాలలో కుర్రవాణ్ని. తాగే నీళ్ల చెరువు దగ్గర పశువులను కడగవద్దని అడిగినందుకు మొదలైన గొడవ అది. బతికినవాళ్లంతా చీరాలకు వచ్చేశారు. శిబిరానికి బియ్యం సైకిలు మీద వేసుకుని వెళ్లేవాణ్ని. ఒకావిడ చేతికి గిన్నె ఇస్తే తీసుకోకుండా చేతులు వెనక్కి పెట్టుకుంది. ఇచ్చేవాడి గిన్నె ముట్టుకోకూడదన్న అలవాటు, ఇల్లు కాలినా ఒళ్లు వదల్లేదు. "అమ్మా, నేను మాలనే" అన్నాక తీసుకుంది.

వాళ్లు ఆ ఊరికి తిరిగి వెళ్లబోమన్నారు. చీరాలలోనే ఇళ్లు కట్టుకున్నారు. దళిత మహాసభ అక్కడి నుంచే పుట్టింది. ఆరేళ్లకు చుండూరు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న మాట పెరిగి పెరిగి, 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. చుండూరువాళ్లు చనిపోయినవారిని ఊరి నడిమధ్యనే పూడ్చారు. ఆ చోటును రక్తక్షేత్రం అంటారు. ప్రత్యేక కోర్టు తమ ఊళ్లోనే పెట్టాలని పట్టుబట్టి సాధించారు. 2007లో ఇరవై ఒక్కమందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది.

ఈ సంగతులన్నీ అద్దె ఇంటి మాటలో ఎందుకు తెచ్చానంటే, అమ్మా, ఇవన్నీ చోటు గురించిన గొడవలే. చెరువు గట్టు మీద చోటు, సినిమా హాల్లో చోటు, ఊరి మధ్య చోటు. నువ్వు అడిగింది జామచెట్టు ఉన్న రెండు గదులు. నిన్ను ఎవరూ కొట్టలేదు కాబట్టి ఇది చిన్న విషయమని ఎవరైనా అంటే నమ్మకు.

దాచాలా చెప్పాలా అన్నది నీ ఇష్టం. దాచినవాళ్లను నేను తప్పుపట్టను. మా తమ్ముడు దాచాడు. వాడి పిల్లలు మా ఇంటికి రారు.

సముద్రపుగాలి | శనివారం, సాయంత్రం 5:31

ఇక్కడ ఒక మాట చెప్పాలి, వినడానికి కష్టంగా ఉండవచ్చు. మాది రెల్లి కులం, విశాఖ. మా అమ్మ నగరపాలక సంస్థలో వీధులు ఊడ్చి రిటైరైంది. నేను బ్యాంకు ఉద్యోగిని.

నేను దాచలేదు. "ఎస్సీ" అని చెప్పి, ఎస్సీ యజమాని ఇంటికే వెళ్లాను. గోడ మీద అంబేద్కర్ పటం, దండ వేసి ఉంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆయన అడిగారు: "ఎస్సీల్లో ఏమిటి బాబూ?" చెప్పాను. "మా ఆవిడను అడిగి చెబుతాను" అన్నారు. ఆ మాట ఎక్కడైనా ఒకటే. మళ్లీ ఫోన్ రాలేదు.

మా వాళ్లు ఎక్కువమంది రెల్లి వీధుల్లోనే ఉండిపోవడానికి కారణం బయట ఇల్లు దొరకకపోవడమే. ఎస్సీ రిజర్వేషన్‌ను కులాల గ్రూపుల వారీగా పంచే వర్గీకరణ మీద మాలలు, మాదిగలు ముప్పై ఏళ్లు వాదించుకున్నారు. సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న రాష్ట్రాలు వర్గీకరించవచ్చని చెప్పింది. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో రెల్లి, మరో పదకొండు కులాలను మొదటి గ్రూపుగా చేసి ఒక శాతం ఇచ్చారు. ఆ ఒక శాతానికి నేను సంతోషించాను. కానీ ఉద్యోగంలో విడిగా లెక్కపెట్టినంత మాత్రాన వీధిలో కలుపుకున్నట్టు కాదు. నీలిజెండా సోదరా, వెలివాడ గురించి చాలా బాగా రాశారు. మీ వాడలో మా ఇల్లు ఉందా?

నీలిజెండా | శనివారం, సాయంత్రం 6:50

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు అన్నా. గంట నుంచి ఏదో రాస్తున్నాను, చెరిపేస్తున్నాను. మా ఊళ్లో డక్కలి కుటుంబాలు వస్తే మా పెద్దలు వాడ చివర చెట్టు కింద దించేవారు. మా కథలు చెప్పి మా దగ్గరే అడుక్కునేవాళ్లు కదా, వాళ్లను ఇంట్లోకి రానిచ్చేవాళ్లం కాదు. నేను చిన్నప్పుడు అది చూశాను. అది కూడా అంటరానితనమే అని నాకు అప్పుడు తట్టలేదు. నిన్నటిదాకా తట్టలేదనే చెప్పాలి.

సియాటిల్_వాన | ఆదివారం, ఉదయం 6:12

ఇక్కడ శనివారం సాయంత్రం. చర్చ మొత్తం చదివాను. సియాటిల్ నగర మండలి 2023 ఫిబ్రవరి 21న కుల వివక్షను నిషేధించింది, అమెరికాలో మొదటి నగరం ఇదే. అందులో ఉద్యోగాలతో పాటు ఇళ్లు కూడా ఉన్నాయి. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ బిల్లు ఆమోదిస్తే గవర్నరు సంతకం పెట్టలేదు.

చట్టం వచ్చినప్పుడు నా తెలుగు స్నేహితులే "ఇక్కడ కులం ఎక్కడుంది?" అన్నారు. చదువుకోవడానికి వచ్చిన కొత్తలో నేను గది కోసం వెతికాను. తెలుగు అబ్బాయిలు నలుగురు ఉన్న ఇల్లు. "ఏ జిల్లా బ్రో, ఏ ఊరు, మీ నాన్నగారి ఇంటి పేరు ఏమిటి" అని ఫోన్లో నవ్వుతూనే అడిగారు. ఆ రాత్రే గది నిండిపోయింది. చివరికి ఒక మెక్సికన్ కుటుంబం దగ్గర ఉన్నాను. రెండేళ్లలో వాళ్లు నన్ను అడిగిన పెద్ద ప్రశ్న, కారం ఎంత వేయాలి అన్నదే.

మూడోఅంతస్తు | ఆదివారం, ఉదయం 11:40

కోడికూర ప్రశ్నకు జవాబు చెప్పి తీరాలి. నా మూడు వాటాల్లో ఇద్దరు మాంసం తింటారు. నేనూ తింటాను. నిన్న ఆ ప్రశ్న చదివాక ఫోన్ పక్కన పెట్టేశాను.

మా అమ్మను అడ్డం పెట్టుకున్నానని ఒప్పుకుంటున్నాను. ఆమెను నేను ఇంతవరకూ ఒక్కసారి కూడా అడగలేదు. ఆమె ఏమంటుందో అని నేనే అనుకుని, నేనే జవాబు చెప్పుకుని, ఇల్లు అడిగి వచ్చినవాళ్లను పంపేశాను. ఎంతమందిని పంపానో లెక్క వేసుకుంటే నలుగురు గుర్తొచ్చారు. ఒకాయన మా వీధి చివరి ప్రభుత్వ ఆసుపత్రిలో ఫార్మసిస్టు. ఇప్పటికీ నాకు మందులు ఆయనే ఇస్తారు, పలకరిస్తారు. అమ్మతో ఇవాళ మాట్లాడతాను. ఏమవుతుందో తెలియదు, మారిపోయానని ఇక్కడ రాస్తే అబద్ధమవుతుంది.

పలకబలపం | మంగళవారం, రాత్రి 8:55

అందరికీ నమస్కారం.

నల్లకోటు గారు చెప్పినట్టే చేశాను. దాచమన్న తోటి టీచరే ఆ నంబరుకు ఫోన్ చేసింది. "ఖాళీగానే ఉందమ్మా, వచ్చి చూసుకోండి. ఇంతకీ మీరేమిటివాళ్లు?" అన్నారట. ఆమె ఫోన్ పెట్టేసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "సాక్షిగా నేను వస్తాను" అంది.

ఇవాళ స్టేషన్‌కు వెళ్లాం. పౌరహక్కుల చట్టం పేరు చెబితే రైటరు గారు అట్రాసిటీనా అని అడిగారు. కాదని, 4వ సెక్షన్ కాగితం ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు. "అద్దె ఇల్లు కూడా ఇందులో ఉందా!" అని పక్కాయనను పిలిచి చూపించారు. ఫిర్యాదు తీసుకుని ముద్ర వేసి ఇచ్చారు. ఎఫ్ఐఆర్ ఇంకా కట్టలేదు. ఎల్లుండి పదిన్నరకు రమ్మన్నారు, ఇంటాయనను, బ్రోకరును కూడా పిలుస్తారట. రాజీ చేసుకోమంటారేమోనని నా అనుమానం. నాకు ఆ ఇల్లు వద్దు. నా ఫిర్యాదుకు ఒక నంబరు కావాలి, అంతే.

ఇల్లు ఇంకా దొరకలేదు. అప్పటిదాకా ఆ టీచరు వాళ్లింట్లోనే ముందు గది ఇచ్చింది. వాళ్ల అత్తగారికి నా కులం పేరు ఆమే చెప్పింది. ఆవిడ ఇంకా నాతో మాట్లాడలేదు. కానీ పొద్దున పాపకు జడ వేసింది.

గోదారిగట్టు అక్కా, మీ మాట మీద కోపం లేదు. మీ బీరువా తలుపు గురించి చదివి ఏడ్చాను.

నల్లకోటు | మంగళవారం, రాత్రి 9:20

రాజీ పత్రం మీద సంతకం పెట్టకండి. ఏం రాసినా ముందు నాకు ఫోటో పంపండి. ఎల్లుండి ఎఫ్ఐఆర్ కట్టకపోతే ఆ సాయంత్రమే ఎస్పీకి ఉత్తరం. రాసి ఉంచుతాను.

గోదారిగట్టు | మంగళవారం, రాత్రి 9:34

పటం బయట పెట్టాను. హాల్లో, టీవీ పైన. ఇప్పుడు సొంత ఇల్లే కదా, ఇన్నేళ్లూ ఎందుకు పెట్టలేదో నాకే తెలియదు.

పాతసైకిలు | మంగళవారం, రాత్రి 10:02

అమ్మా, మీ ఊరికి మాకు రెండు గంటల ప్రయాణం. ఎల్లుండి మొదటి బస్సుకు వస్తున్నాను. నల్లగొడుగు, తెల్లచొక్కా. తొమ్మిదిన్నరకు స్టేషన్ ఎదురుగా ఉంటాను.

సముద్రపుగాలి | మంగళవారం, రాత్రి 10:09

నేను సెలవు పెట్టాను. రాత్రి రైలుకు బయలుదేరుతున్నాను.